వాన ఇంట్లోకి వచ్చే దారి

ఏటా రోహిణి కార్తెలో, ఎండ ఎక్కకముందే, మా ఇంటి పెంకులు తిరగేస్తారు. పెంకులు నేసే పెద్దాయన తెల్లారగట్ల నిచ్చెన వేసుకుని ఎక్కుతాడు. పది గంటలయ్యేసరికి పెంకు మీద కాలు పెట్టలేం కాబట్టి ఉన్న పనంతా ఆ నాలుగు గంటల్లోనే. ఆయన ఒక్కొక్క పెంకునూ పైకెత్తి, ఎడం చేతిలో వదులుగా పట్టుకుని, కుడిచేతి వేలి కణుపుతో ఒక దెబ్బ కొడతాడు. ఖణేల్మంటే పక్కన పెడతాడు. డుబ్బుమంటే కిందికి జారవిడుస్తాడు. కంటికి కనపడని పగులు చెవికి వినపడుతుంది. నేను కింద నిలబడి ఆయన వదిలేసిన పెంకు తీసుకుని ఎన్నిసార్లు తిప్పి చూసినా పగులు ఎక్కడుందో తెలియదు. నీళ్లలో ముంచి తీస్తే మాత్రం తడి త్వరగా ఆరని సన్నటి గీత ఒకటి తేలుతుంది.

మాది కోనసీమలో ఒంటి మండువా లోగిలి. ఇంటి నడిమధ్య ఆకాశానికి తెరిచిన చోటును మండువా అంటాం. దాని చుట్టూ నాలుగు వసారాలు, వసారాల వెనక గదులు, వాటి మీద నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలే పెంకుల కప్పు. ఇలాంటి ఇల్లు అర్థం కావాలంటే వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి లాభం లేదని నా నమ్మకం. పెంకు దగ్గర మొదలుపెట్టాలి. వాన ముందుగా తాకేది దాన్నే.

గూన పెంకును కుమ్మరి సారె మీదే చేస్తాడు. అడుగు లేని పొడుగాటి కూజాలాగా గొట్టాన్ని పైకి లేపుతాడు. కింద కాస్త వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. కొంచెం ఆరాక దాన్ని నిలువునా చీలిస్తే రెండు పెంకులు. ఆరబెట్టి ఆవంలో కాలుస్తారు. అంటే ప్రతి పెంకూ ఒక గొట్టంలో సగం, ఒక కొస వెడల్పు, ఒక కొస ఇరుకు. చూడటానికి కుమ్మరి చేతివాటం వల్ల వచ్చిన తేడాలా ఉంటుంది గానీ కప్పు మొత్తం నిలిచేది ఆ తేడా మీదే.

నేత ఇలా సాగుతుంది. వాసాల మీద అడ్డంగా బద్దలు కొట్టి ఉంటాయి. ముందు ఒక వరుస పెంకుల్ని వెల్లకిలా పేరుస్తారు, వెడల్పు కొస పైకి, ఇరుకు కొస చూరు వైపు. పై పెంకు ఇరుకు మూతి కింది పెంకు వెడల్పు నోట్లో కూర్చుంటుంది. ఒక కాలవ తయారైంది. పక్కనే ఇంకో కాలవ. రెండు కాలవల మధ్య సందు మీద మరో వరుసను బోర్లా వేస్తారు. ఈసారి తిరగేసి, ఇరుకు కొస పైకి, వెడల్పు కొస కిందికి. పై పెంకు అంచు కింది పెంకు నెత్తి మీద టోపీలా దిగుతుంది. ఒకే పెంకు, ఒకే ఆవంలో కాలింది, వెల్లకిలా వేస్తే నీళ్లు మోస్తుంది, బోర్లా వేస్తే నీళ్లను పక్కకు తోస్తుంది. మేకు లేదు, సున్నం లేదు. బరువూ రాపిడీ తప్ప ఇంకేమీ పట్టి ఉంచదు. అందుకే పగిలిన పెంకును పక్క పెంకులు కదలకుండా చేత్తో లాగి కొత్తది దోపవచ్చు. కోతులు అల్లరి చేసిన మర్నాడు కూడా మా ఇల్లు సాయంత్రానికి బాగైపోయేది ఇందుకే.

వాలు ఎంత ఉండాలన్నది రెండో సంగతి. మరీ నిటారుగా పెడితే పెంకులు జారతాయి, మరీ చదునుగా పెడితే నీరు వెనక్కి ఎక్కి సందుల్లోంచి ఉరుస్తుంది. మా ఇంట్లో మూడడుగులు ముందుకొస్తే అడుగున్నర దిగుతుంది. ఒకసారి పెద్దాయన్ని అడిగాను, ఈ కొలత ఎవరు చెప్పారని. "కొలతేముందండి బాబూ, నీళ్లు పెంకు మీద పరిగెట్టాలండి. ఆగి చూడకూడదు" అన్నాడు.

ఇక్కడి దాకా ఏ పెంకుటింటికైనా వర్తిస్తుంది. మామూలు పెంకుటింటికి కప్పు బయటికి వాలుతుంది. వెన్ను దగ్గర రెండు వాలులు ఒకదానికొకటి దూరం జరుగుతాయి కాబట్టి నీళ్లూ విడిపోతాయి. మండువాలో నాలుగు వాలులూ లోపలికి దిగుతాయి. పక్కపక్క వాలులు కలిసే ప్రతిచోటా ఒక లోమూల, పై నుంచి కిందికి కోణంగా దిగే పల్లం. వానకు ఆ నాలుగు పల్లాలే రహదారులు.

నేనొకసారి కాగితం మీద లెక్క వేశాను. మా మండువా 12 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు. లోపలికి వాలే కప్పు నాలుగు వైపులా 10 అడుగులు. తెరిచిన చోటు మినహాయిస్తే కప్పు మీద వాన పడే నేల 820 చదరపు అడుగులు. ఇందులో నాలుగు మూలల్లోని పదడుగుల చదరాలు నాలుగూ కలిపితే 400. ఆ చదరాల్లో పడే ప్రతి చుక్కా పెంకు మీద కొంతదూరం నేరుగా దిగి, లోమూలను తాకి, అక్కడి నుంచి మూల వెంటే చూరుకు చేరుతుంది. అంటే కప్పు నీళ్లలో సగం వరకూ నాలుగే నాలుగు చోట్ల నుంచి దూకుతాయి. మిగతా సగం చూరు పొడుగునా దారాలు దారాలుగా పడుతుంది. చిన్నప్పుడు మా నాయనమ్మ వాన మొదలవగానే గుండిగలు తెచ్చి సరిగ్గా మూలల కిందే ఎందుకు పెట్టించేదో ఈ లెక్క వేసిన రోజున తెలిసింది. ఆమెకు లెక్కతో పని పడలేదు.

ఇంత నీరు ఒక సన్నటి దారిన పోవాలంటే గూన పెంకు కాలవ చాలదు. అందుకని లోమూలలో ముందు ఒక మూలవాసం వేస్తారు, మిగతా వాసాలకంటే దాదాపు రెట్టింపు మందం. రెండు వైపుల వాసాలూ వచ్చి దీని మీద ఏటవాలుగా కోసిన కొసలతో ఆనుకుంటాయి. ప్రతి వాసం పొడుగూ వేరు, కోత కోణం మాత్రం ఒకటే. వడ్రంగి ఒక్క కోత సరిగ్గా కోసి దాన్ని అచ్చుగా పెట్టుకుంటే చాలు. మూలవాసం మీద పలక, పలక మీద నిలువునా మడిచిన జింకు రేకు పరుస్తారు. రేకు అంచులు రెండు పక్కలా పెంకుల కిందికి జానెడేసి దూరతాయి. చివరి పెంకుల్ని ఆ కోణానికి తగ్గట్టు కోసి రేకు మీదికి దించుతారు. పెంకును కోయడం చూసి తీరాల్సిన పని. పెద్దాయన ముందు కత్తి మొనతో గీత గీసి, ఆ గీత వెంట చిన్న చిన్న దెబ్బలు వేస్తూ పోతాడు. చివరి దెబ్బకు పెంకు చెప్పినట్టు విరుగుతుంది.

నీళ్లు దిగే గుంట అడుగున్నర లోతు. నేల గచ్చు వీధి వైపు నుంచి ఈశాన్యం మూలకు తెలిసీ తెలియకుండా వాలి ఉంటుంది. ఆ మూలలో తూము. తూము వసారా కింద నుంచి, పెరటి గది కింద నుంచి పోయి పెరట్లో కొబ్బరి చెట్ల మొదట్లో తేలుతుంది. ఒక అంగుళం వాన పడితే ఈ గుంటలోకి దాదాపు 2,200 లీటర్ల నీళ్లు చేరతాయి. గుంట పట్టేది సుమారు 4,500. తూము పూర్తిగా మూసుకుపోయినా రెండంగుళాల వాన దాకా ఇల్లు ఓర్చుకుంటుందన్న మాట. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుఫాను ఊడ్చేసినప్పుడు ఆ రెండంగుళాలూ అయిపోయాయి. కొబ్బరి మట్టల చెత్త తూముకు అడ్డం పడింది. నీళ్లు వసారా అంచుకు నాలుగు వేళ్ల దూరంలో ఉండగా మా నాన్నగారు లాంతరు నా చేతికిచ్చి, గుంటలోకి దిగి, భుజం మునిగేదాకా చెయ్యి పెట్టి ఆ చెత్త లాగారు. నీళ్లు గుటకవేసినట్టు ఒక చప్పుడు చేసి తిరగడం మొదలుపెట్టాయి. బయటి వాలు మీద పెంకులు చాలా లేచిపోయాయి. లోపలి వాలు మీద పోయినవి తక్కువ.

గుంట చుట్టూ టేకు స్తంభాలు నిలబడ్డాయి. ఏ స్తంభమూ నేలలోకి దిగదు. ప్రతిదాని కిందా నల్లరాతి దిమ్మె, దిమ్మె నడుమ చిన్న గుంత, స్తంభం అడుగున ఆ గుంతలో కూర్చునేలా చెక్కిన బొడిపె. తడి ఎక్కదు, చెద ఎక్కితే రాతి మీద దాని మట్టి దారి కంటపడుతుంది. స్తంభం తలమీద దూలం నేరుగా ఆనదు. మధ్యలో అడ్డంగా ఒక చెక్క, రెండు కొసలూ తామర మొగ్గల్లా చెక్కినది ఉంటుంది. అందానికని అనుకునేవాణ్ణి. ఆ చెక్క రెండు పక్కలా అడుగేసి ముందుకు చాచుకుని దూలాన్ని మోస్తుంది కాబట్టి రెండు స్తంభాల మధ్య దూలం దాటాల్సిన ఖాళీ రెండడుగులు తగ్గుతుంది. దూలాల అతుకులు కూడా సరిగ్గా దాని మీదే వస్తాయి, ఒకదాని కొసను నాలుకలా, రెండోదాన్ని గాడిలా కోసి, మీద నుంచి కొయ్య చీల దిగ్గొట్టినవి. మొగ్గ చెక్కిన శిల్పి ఆ పని అయ్యాకనే మొగ్గ చెక్కాడు.

ఈ కలప ఎక్కడిదంటే, భద్రాచలం అడవుల నుంచి తెప్పలు కట్టి గోదావరి మీద దించేవారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాలో రెండు పంటలు పండి చేతిలో డబ్బు ఆడాక, బర్మా టేకు కూడా ఓడల్లో వచ్చింది. గోడలకు గుల్లసున్నం. ఆలిచిప్పలూ నత్తగుల్లలూ కాల్చి, ఇసుకతో కలిపి, ఎద్దు తిప్పే రాతి గానుగలో వెన్నలా అయ్యేదాకా నూరి, కరక్కాయ నానేసిన నీళ్లూ బెల్లం నీళ్లూ పోసేవారు. సున్నం గాలిని పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. అడుగున్నర మందం గోడ మేలో మధ్యాహ్నం వేడిని గదిలోకి పంపడానికి రాత్రి దాకా సమయం తీసుకుంటుంది. ఆ రాత్రికి మండువా పని మొదలవుతుంది. తెరిచిన ఆకాశంలోకి వేడి ఎగిరిపోయి, చల్లగాలి బరువెక్కి గుంటలోకి దిగి, అక్కడి నుంచి వసారాల్లోకి పాకుతుంది. మే తొలి వారంలో ఒకసారి, ఆగస్టు తొలి వారంలో ఒకసారి సూర్యుడు సరిగ్గా మా నడినెత్తికి వస్తాడు. ఆ రోజు మధ్యాహ్నం చూరు నీడ గుంట అంచు మీద గీత గీసినట్టు పడుతుంది. భారత కాలమానపు రేఖాంశం కాకినాడకు దగ్గరగానే పోతుంది కాబట్టి గోడ గడియారం పన్నెండుకూ మండువా పన్నెండుకూ కొద్ది నిమిషాలే తేడా.

వానను ఇలా ఇంట్లోకి పిలిచే ఆలోచన మా ఒక్కరిదే కాదు. కేరళ నాలుకెట్టులో నడుముట్టం ఇదే పని చేస్తుంది. చైనాలో హుయిజౌ ఇళ్లకు నడుమ సన్నటి ఆకాశబావి ఉంటుంది. నాలుగు కప్పుల నీళ్లూ ఇంటి నడవకే చేరడాన్ని వాళ్లు సంపదగా ఎంచుతారు. పాంపేయీలో, క్రీ.శ. 79లో బూడిద కప్పేసిన ఇళ్లలో, కప్పు మధ్య తెరిచిన చోటుకు సరిగ్గా కింద పాలరాతి తొట్టి కనిపిస్తుంది. చూరుకు కాల్చిన మట్టితో సింహం తలలు చేసి పెట్టి నీళ్లు వాటి నోట్లోంచి దూకించారు. తొట్టి కింద నేలలో నీటి గది, దానిపై బావిలా ఒక రాతి వలయం. మా నాయనమ్మ గుండిగల్లో పట్టినదాన్ని వాళ్లు ఇంటి కిందే దాచుకున్నారు. పాంపేయీ వాళ్లకూ మా వాళ్లకూ ఏ పరిచయమూ అక్కర్లేదు. వాన కావాలి, ఎండ అక్కర్లేదు, వీధి కళ్లు పడకూడదు అని కోరుకున్నవాళ్లు ఎక్కడున్నా ఈ గుంట దగ్గరికే వచ్చారు.

నీళ్లు తక్కువైన చోట లెక్క మారుతుంది. అనంతపురంలో మాకు పడే వానలో సగం అటూ ఇటూ పడుతుంది. అక్కడి చౌడు మిద్దె చదునుగా ఉంటుంది. దూలాలు, వాటి మీద దంతెలు, వాటి మీద కట్టెలూ ఆకులూ, ఆ పైన చౌడు మట్టి. పైరుకు పనికిరాని ఆ మట్టి తడవగానే ఉబ్బి, పొడిపొడిగా విడిపోయి, తన సందులు తానే మూసుకుంటుంది. చేను పాడుచేసే గుణమే ఇంటిని కాపాడుతుంది. మన దేశీ ఇళ్లలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇదే. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు మరో దారి. గుండ్రటి మట్టి గోడ, దాని మీద నేలకు తగిలేంత కిందికి దిగిన తాటాకు గొడుగు. తుఫాను గాలికి పట్టుకోవడానికి మూల దొరకదు.

జపాన్‌లో షిరకవా లోయ ఇళ్ల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. అక్కడ పడేది మంచు. మంచు పరిగెత్తదు, పేరుకుంటుంది, బరువెక్కుతుంది. అందుకని కప్పును దాదాపు 60 డిగ్రీలు నిటారుగా లేపారు, నమస్కారం పెట్టిన రెండు చేతుల్లా. ఆ పోలికనే ఇళ్లకు పేరుగా పెట్టుకున్నారు. కప్పును లోయ వెంట ఉత్తర దక్షిణాలుగా నిలబెట్టారు కాబట్టి పొద్దున ఒక వాలుకూ మధ్యాహ్నం రెండో వాలుకూ ఎండ తగిలి మంచు రెండు వైపులా సమంగా కరుగుతుంది. కింది అంతస్తు వడ్రంగుల పని. పై కప్పు ఊరివాళ్ల పని, ఒక్క మేకు లేకుండా గడ్డితాళ్లతోనూ మెత్తబరిచిన కొమ్మలతోనూ కట్టిన కట్లు. పెద్ద వాసాల అడుగు కొసల్ని పెన్సిలు మొనలా చెక్కి, కింది దూలాల్లో తొలిచిన గుంతల్లో ఊరికే నిలబెడతారు. భూమి కంపిస్తే వాసం ఆ మొన మీద కొంచెం ఊగుతుంది, విరగదు. రాతి దిమ్మెలో కూర్చున్న మా స్తంభం అడుగు బొడిపెను తలుచుకుంటే ఆ మొన నాకు పరాయిదిగా అనిపించదు. ఇంట్లో నేల పొయ్యి పొగ పైకెక్కి కప్పు గడ్డికి పురుగు పట్టకుండా చేస్తుంది, కట్లను బిగిస్తుంది. అటక మీద పట్టుపురుగులు పెంచేవారు. ముప్పై, నలభై ఏళ్లకొకసారి గడ్డి మార్చాల్సి వచ్చినప్పుడు ఊరంతా వస్తుంది. ఈ రోజు నీ కప్పు, రేపు నా కప్పు. ఆ ఊళ్లను 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మంగోలియా గుడారపు ఇంటికి మూల లేదు, పునాదీ లేదు. గోడ అంటే మడిచి విప్పగల కర్రల జాలీ, ప్రతి కూడలిలోనూ తోలు ముడి. నడుమ రెండు స్తంభాల మీద చక్రంలాంటి కిరీటం, దానిలోంచి గోడకు దిగే కప్పు కర్రలు. కప్పు బరువుకు గోడ బయటికి తెరుచుకుపోవాలి. గోడ చుట్టూ నడికట్టులా బిగించిన తాడు దాన్ని ఆపుతుంది. ఇల్లు మొత్తం ఆ తాడు బిగువులో ఉంది. గాలి పెద్దదైతే కిరీటం నుంచి వేలాడే మరో తాడుకు బరువైన రాయి కట్టి ఇంటిని నేలకు పట్టుకుంటారు. అలాంటి కిరీటపు చక్రమే కిర్గిజ్‌స్తాన్ జెండా మీద సూర్యుడి మధ్యలో ఉంది.

మా అన్నయ్య టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఉంటాడు. అతని ఇల్లు కర్రల ఇల్లు. 16 అంగుళాలకొకటి చొప్పున సన్నటి నిలువు కర్రలు, వాటి మీద పలకలు, లోపల జిప్సం అట్టలు. వేలితో తడితే డొల్లగా పలికే గోడను చూసి మొదట నాకు మనసు ఒప్పలేదు. ఒక వేసవిలో వడగళ్లు పడి ఆ వీధిలో కప్పులన్నీ పాడయ్యాయి. మరుసటి వారం పనివాళ్లు వచ్చి తారు రేకుల్ని పీకేసి కొత్తవి పరిచారు. ఒక్కో వరుస కింది వరుస అతుకుల్ని కప్పుతూ, సగం సగం జరుపుకుంటూ చూరు నుంచి వెన్ను దాకా నేశారు. నేత అన్న మాట నేను కావాలనే వాడుతున్నాను. రెండు వాలులు కలిసే పల్లం దగ్గరికి వచ్చినప్పుడు ఒక మనిషి పొడుగాటి లోహపు రేకును నడిమికి మడిచి అందులో పరిచాడు. పక్క రేకుల్ని దాని మీదికి దించి, గీత కొట్టి, కోణంగా కోశాడు. నేను పెరట్లోంచి తలెత్తి చూస్తూ నిలబడిపోయాను. మా ఇంటి లోమూలలో జరిగేదే, రేకు ఎంత వెడల్పుండాలో, పక్కవాటి కిందికి ఎంత దూరాలో, కోత ఎటు వాలాలో, అన్నీ అవే. ఆ రోజు నుంచి అన్నయ్య ఇంటి గోడను డొల్ల అనడం మానేశాను. ఆ ఖాళీలో వేడిని ఆపే దూది ఉంది, తీగలున్నాయి, గొట్టాలున్నాయి. మా గోడ మందంతో చేసే పనిని అది ఖాళీతో చేస్తోంది.

ఈ ఏడు ఈశాన్యం మూల రేకు మార్చాల్సి వచ్చింది. పాతది తీస్తే దాని అడుగున పలక మీద, ఒకచోట, బొటనవేలంత నల్లటి మచ్చ కనిపించింది. రెండేళ్లుగా అక్కడ చెమ్మ పడుతోందని పెద్దాయన అన్నాడు. పలక ముక్క మార్చి, రేకు పరిచి, పెంకులు కోసి దించేసరికి తొమ్మిదిన్నర. పెంకులప్పటికే వేడెక్కాయి. ఆయన దిగలేదు. "ఓ బిందెడు నీళ్లందియ్యండి బాబుగారూ" అన్నాడు. నిచ్చెన మీది కుర్రాడి చేతికి బిందె అందించాను. పెద్దాయన లోమూల పై కొసన కూర్చుని, బిందెను కొద్దికొద్దిగా వంచాడు. నేను వసారాలో మూలవాసం కింద తలెత్తి నిలబడ్డాను. పైన నీళ్లు రేకు మీద పరిగెత్తుతున్న చప్పుడు వినపడింది. చూరు దగ్గర ఒక్క ధారగా దూకి గుంటలో పడ్డాయి. "చూరు కాదండీ, పలక చూడండి" అని పైనుంచి అరిచాడు. అరచెయ్యి పెట్టి పలక పొడుగునా తడిమాను. పొడిగా ఉంది.